మామయ్య మిషన్ మీది పేరు

ఈ సంచికకి అందరం ఒక్కో జీవితచరిత్ర రాయాలని క్లబ్ మీటింగ్‌లో అనుకున్నాం కదా. పది నిమిషాల్లో పెద్ద పేర్లన్నీ అయిపోయాయి. రామానుజన్‌ని ఈసీఈ వాళ్ళు పట్టుకున్నారు. విశ్వేశ్వరయ్యని సివిల్ వాళ్ళు వదల్లేదు. కలాం గారి కోసం ముగ్గురు పోటీ పడ్డారు. నా వంతు వచ్చేసరికి నేను ఆండ్రియాస్ స్టీల్ అన్నాను. ఆయనెవరు బ్రో అని అందరూ నావైపు చూశారు. మీకు తెలియకపోవచ్చు గానీ, మా వైపు చెట్లు కోసే ప్రతివాడికీ ఆ పేరు తెలుసు. మనిషి పేరుగా కాదు, మిషన్ పేరుగా.

ముందే ఒక మాట చెప్పేస్తా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పెద్దది రాయడం ఇదే మొదలు. తప్పులుంటే క్షమించండి. ఇంకో మాట కూడా ఉంది. నేను మొదలుపెట్టింది ఒక సరదా ఆర్టికల్. మధ్యలో అది సరదాగా మిగల్లేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మా ఊరు ములకలపల్లి వైపు. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, 2016 దాకా ఖమ్మం జిల్లా. ఊరికి ఒక పక్క చేలు, ఇంకో పక్క అడవి. అడవిలో టేకు, నల్లమద్ది, ఇప్ప. చేలల్లో పత్తి, మిర్చి, జామాయిల్. జామాయిల్ ఎందుకంటే సారపాకలో పేపర్ మిల్లు ఉంది కాబట్టి. గోదావరికి అవతల రాముడు, ఇవతల ఐటీసీ అని మా వైపు సరదాగా అంటుంటారు. మిల్లుకి గుజ్జు కావాలి, గుజ్జుకి కర్ర కావాలి. నాటిన నాలుగేళ్ళకి జామాయిల్ కోతకొస్తుంది. మొదలు దగ్గర కోస్తే మళ్ళీ పిలకలు లేస్తాయి, ఇంకో నాలుగేళ్ళకి ఇంకో కోత. నా ఫీజులో కొంత భాగం ఆ పిలకల నుంచే వచ్చింది.

మా మేనమామ కోత మేస్త్రీ. ఆయన ముఠాలో ఎనిమిది మంది ఉంటారు. ఇద్దరి చేతుల్లో కోత మిషన్లు. మిగతావాళ్ళు కొమ్మలు నరకడం, బెరడు ఒలవడం, మొద్దులు లారీకి ఎత్తడం చేస్తారు. కూలి టన్నుల లెక్క. అంటే మిషన్ ఒక గంట ఆగిందంటే ఎనిమిది మంది కూలి ఆగినట్టే. అందుకే మిషన్ ఏ కంపెనీది అనేది మా దగ్గర మామూలు విషయం కాదు. మన హాస్టల్లో ఐఫోన్, ఆండ్రాయిడ్ గొడవ ఉంటుంది చూడండి, అలాంటిదే. కాకపోతే మనం ఓడిపోతే పరువు పోతుంది, వాళ్ళు ఓడిపోతే ఆ రోజు కూలి పోతుంది.

మామయ్యది స్టీల్ మిషన్. ఆయన జోడీగా పని చేసే ఆయనది హస్క్వర్నా. ఆ పేరు ఎవరికీ నోరు తిరగదు, హస్కు అంటారు. రెండూ నారింజ రంగే, రెండూ టూ స్ట్రోకే, రెండిట్లోనూ పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయాల్సిందే. మధ్యాహ్నం చెట్టు కింద సద్దిమూటలు విప్పగానే పోలిక మొదలవుతుంది. హస్కు ఆయన తన మిషన్ చేతికి తేలిగ్గా ఉంటుందని, సాయంత్రానికి చేతులు లాగవని, దుమ్ములో కూడా ఫిల్టర్ తొందరగా మూసుకుపోదని చెప్తాడు. మామయ్య తన మిషన్ రెండో లాగుకే అందుకుంటుందని, లావు మొదలు మీద పెట్టినా వేగం తగ్గదని, అన్నిటికంటే ముఖ్యంగా ఏ స్పేర్ కావాలన్నా బండి మీద పోయి సాయంత్రానికి తెచ్చుకోవచ్చని చెప్తాడు. ఈ వాదన నా చిన్నప్పటి నుంచి వింటున్నా. ఇప్పటిదాకా ఎవరూ గెలవలేదు.

చిన్నప్పుడు నేను ఆ మిషన్ ఉక్కుతో చేశారు కాబట్టి దానికి స్టీల్ అని పేరనుకునేవాణ్ణి. స్పెల్లింగ్ తప్పు రాశారని కూడా అనుకున్నా. ఇంటర్‌లో ఉన్నప్పుడు అది ఒక మనిషి ఇంటిపేరని తెలిసింది. జర్మన్‌లో దాన్ని ష్టీల్ అని పలుకుతారట. అప్పటి నుంచి ఆ మనిషి ఎవరో తెలుసుకోవాలని ఉండేది. ఈ సంచిక పుణ్యమా అని ఇప్పుడు కుదిరింది.

ఆండ్రియాస్ స్టీల్ 1896 నవంబర్ 10న స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే జర్మనీకి వచ్చి అక్కడే బంధువుల దగ్గర పెరిగి చదువుకున్నాడు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. మనం ఇప్పుడున్న వయసులో ఆయన జర్మన్ సైన్యంలో ఉన్నాడు. అక్కడి నుంచి బయటపడ్డాక ఐసెనాఖ్ అనే ఊళ్ళో మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. 1926లో, ముప్ఫై ఏళ్ళు నిండకముందే, ష్టుట్‌గార్ట్‌లో సొంత పేరుతో ఒక చిన్న కంపెనీ పెట్టాడు.

ఆ కంపెనీ మొదట రంపాల కోసం పెట్టింది కాదు. ఆవిరి బాయిలర్లకి కావాల్సిన పరికరాలు చేసేవాడు, బట్టలుతికే యంత్రాలు కూడా చేశాడు. ఆ పని మీద కలప మిల్లులకి, కట్టె కాల్చే కార్ఖానాలకి తిరుగుతున్నప్పుడు ఒక విషయం ఆయన కంట్లో పడింది. చెట్టు నరకడం, దుంగని మిల్లుకి లాక్కురావడం, అక్కడ కోయడం, ఇదంతా మనిషి, పశువు రెక్కల కష్టం. చెట్టుని రంపం దగ్గరికి తేవడం కంటే రంపాన్నే చెట్టు దగ్గరికి తీసుకెళ్తే పోతుంది కదా అన్నది ఆయన ఆలోచన. వినడానికి చాలా చిన్న మాట. మన భాషలో చెప్పాలంటే డేటాని సర్వర్‌కి మోసే బదులు ప్రోగ్రామ్‌నే డేటా దగ్గరికి పంపడం లాంటిది.

1926లో ఆయన చేసిన మొదటి చైను రంపం కరెంటుతో నడిచేది. బరువు 64 కిలోలు. ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుంటే గానీ లేవదు. పైగా అడవిలో కరెంటు ఎక్కడిది? కాబట్టి అది దుంగలు నిల్వ చేసే చోట కోతకి మాత్రమే పనికొచ్చింది. 1929లో పెట్రోల్‌తో నడిచేది తయారుచేశాడు. దాని బరువు 46 కిలోలు, శక్తి 6 హార్స్‌పవర్. దీనికీ ఇద్దరు కావాలి. కానీ ఇప్పుడు రంపం నిజంగానే అడవిలోకి నడిచింది.

ఇక్కడ ఒక విషయం సరిగ్గా చెప్పాలి. చైను రంపాన్ని ఈయనే కనిపెట్టాడని చాలాచోట్ల రాస్తారు. అది పూర్తి నిజం కాదు. 1830లోనే బెర్న్‌హార్డ్ హైనె అనే జర్మన్ వైద్యుడు ఎముకలు కోయడానికి చేత్తో తిప్పే చిన్న చైను పరికరం చేశాడు. పెట్రోల్ రంపం విషయంలో కూడా ఎమిల్ లెర్ప్ అనే ఇంకో జర్మన్ ముందున్నాడు. 1927లో డోల్మార్ అనే కొండ మీద తన రంపాన్ని పరీక్షించి, ఆ కొండ పేరే కంపెనీకి పెట్టుకున్నాడు. స్టీల్ గొప్పతనం మొదట చేయడంలో లేదు. చేసినదాన్ని ముప్ఫై ఏళ్ళపాటు తేలిక చేస్తూ పోవడంలో ఉంది. అది నాకు ఇంకా నచ్చింది. మొదటి వెర్షన్ ఎవరైనా రాస్తారు, దాన్ని వదలకుండా మెరుగుపరిచేవాడే అరుదు.

1930ల మొదట్లోనే ఆయన రంపాలు అమెరికాకీ సోవియట్ రష్యాకీ వెళ్ళాయి. ప్రపంచమంతా మాంద్యంలో ఉన్న రోజుల్లో ఒక చిన్న కంపెనీకి అది మామూలు సంగతి కాదు.

ఇక్కడిదాకా రాసి ఒక రాత్రి పడుకున్నాను. ఆర్టికల్ సగం అయిపోయిందని సంతోషం. బయట ఊరు నుంచి వచ్చినవాడు, యుద్ధం చూసినవాడు, కష్టపడి పైకొచ్చిన ఇంజనీర్. మన మ్యాగజైన్‌కి సరిగ్గా సరిపోయే కథ. మర్నాడు 1933 గురించి చదివాను.

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ఆ ఏడాదే ఆండ్రియాస్ స్టీల్ నాజీ పార్టీలో చేరాడు. తర్వాత ఎస్‌ఎస్‌లో కూడా సభ్యుడయ్యాడు. ఎస్‌ఎస్ అంటే ఏమిటో మనం టెన్త్ సోషల్‌లో చదువుకున్నాం, సినిమాల్లో చూశాం. యుద్ధం మొదలయ్యాక ఆయన రంపాలు జర్మన్ సైన్యానికి వెళ్ళాయి. సైన్యానికి రోడ్డు వేయాలన్నా, వంతెన కట్టాలన్నా, బంకర్ కప్పాలన్నా కలపే కావాలి. ఆ రోజుల్లో జర్మనీలోని ఎన్నో కార్ఖానాల్లాగే ఆయన కార్ఖానాలో కూడా బలవంతంగా తెచ్చిన కూలీలు పని చేశారు.

నేను ల్యాప్‌టాప్ మూసేశాను. మొదట వచ్చిన ఆలోచన, దీన్ని వదిలేద్దామని. అంటే ఆయన్ని వదిలేసి వేరే పేరు తీసుకోవడం. రెండో ఆలోచన ఇంకా చెడ్డది. ఈ ఒక్క పేరా వదిలేసి మిగతాది రాసేద్దామని. ఎవరికి తెలుస్తుంది? కంపెనీ యాడ్‌లో లేదు, మిషన్ మీద రాసి లేదు. మా ఊళ్ళో ఎవరూ అడగరు. మీలో కూడా ఎవరూ చెక్ చేయరు. ఆ వారమంతా నేను ఈ ఫైల్ తెరవలేదు.

తర్వాత ఏం జరిగిందో చదివితే గానీ ఆలోచన తెగలేదు. 1944 ప్రాంతంలో బాంబు దాడుల్లో ఆయన ఫ్యాక్టరీ దెబ్బతింది. పనిని దగ్గర్లోని నాయిష్టట్ అనే పల్లెకి మార్చారు. ఇప్పుడది వైబ్లింగెన్ అనే పట్టణంలో భాగం, కంపెనీ ఇప్పటికీ అక్కడే ఉంది. 1945లో యుద్ధం ముగిశాక మిత్రరాజ్యాల వాళ్ళు ఆయన్ని నిర్బంధించారు. 1948 దాకా బయటికి రాలేదు.

ఆ రోజుల్లో జర్మనీలో ప్రతి మనిషినీ విచారించి ఐదు తరగతుల్లో ఒకదాంట్లో పెట్టేవాళ్ళు. పెద్ద నేరస్థుడు, నేరస్థుడు, చిన్న నేరస్థుడు, వెంట నడిచినవాడు, ఏ సంబంధం లేనివాడు. స్టీల్‌ని నాలుగో తరగతిలో పెట్టారు. వెంట నడిచినవాడు. జర్మన్‌లో దానికొక మాట ఉంది, మిట్‌లాయ్‌ఫర్. కలిసి పరిగెత్తినవాడు అని దాని అర్థం.

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆ విచారణలు చాలామందిని తేలిగ్గా వదిలేశాయని చరిత్రకారులు అంటారు. ఆ సంగతి పక్కన పెట్టినా, ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అది రాక్షసుడికి పెట్టే పేరు కాదు. ఫ్యాక్టరీ నడవాలి, ఆర్డర్లు రావాలి, పైవాళ్ళతో గొడవెందుకు అనుకున్న మనిషికి పెట్టే పేరు. అంటే చాలావరకు మనలాంటి వాళ్ళకి. మన క్లాసులో ప్లేస్‌మెంట్ల గురించి మాట్లాడుకునేటప్పుడు ప్యాకేజీ ఎంత అని అడుగుతాం, బాండ్ ఎన్నేళ్ళు అని అడుగుతాం. ఆ కంపెనీ రాసే కోడ్ ఎవరి మీద వాడతారని నేనైతే ఇప్పటిదాకా ఒక్కసారి కూడా అడగలేదు. టూల్‌ది ఏముంది, వాడేవాడి చేతిలో ఉంటుంది అని హాస్టల్ డిబేట్‌లో గట్టిగా వాదించింది కూడా నేనే.

మిగతా జీవితం కూడా చెప్పాలి కదా, చెప్తాను. బయటికి వచ్చాక ఆయన మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మా వైపు రైతులకి ఆశ్చర్యం కలిగించే విషయం, 1948 నుంచి కొన్నేళ్ళపాటు ఆ కంపెనీ చిన్న డీజిల్ ట్రాక్టర్లు కూడా చేసింది. కానీ ఆయన మనసు రంపం మీదే ఉంది. 1950లో ఒక్క మనిషి పట్టుకుని కోయగల పెట్రోల్ రంపం తెచ్చాడు. బరువు 16 కిలోలు. ఆ రోజుల్లో కార్బ్యురేటర్ నిటారుగా ఉంటేనే పెట్రోల్ సరిగ్గా అందేది. రంపాన్ని పక్కకి వంచితే ఇంజన్ ఆగిపోయేది. నిలబడిన చెట్టుని కోయాలంటే రంపాన్ని అడ్డంగా పట్టుకోవాలి, పడిన చెట్టుని ముక్కలు చేయాలంటే నిలువుగా పట్టుకోవాలి. అందుకే దీంట్లో కార్బ్యురేటర్‌ని తిప్పుకునే ఏర్పాటు పెట్టాడు. తర్వాత డయాఫ్రమ్ కార్బ్యురేటర్లు వచ్చి ఆ బాధే లేకుండా పోయింది. మామయ్య ఇప్పుడు మిషన్‌ని ఎటు వంచినా ఆగకపోవడానికి కారణం అదే.

1959లో వచ్చిన కాంట్రా ఆయన పనిలో శిఖరం. మధ్యలో గేర్లు తీసేసి ఇంజన్ తిరిగే వేగంతోనే చైను తిరిగేలా చేశారు. బరువు దాదాపు 12 కిలోలు, శక్తి 6 హార్స్‌పవర్. ఒకసారి వెనక్కి వెళ్ళి 1929 లెక్క చూడండి. అదే 6 హార్స్‌పవర్‌కి అప్పుడు 46 కిలోలు, ఇప్పుడు 12. ముప్ఫై ఏళ్ళలో ఇద్దరి బరువు ఒక్కడి భుజానికి సరిపోయేంత అయింది. కెనడా అడవుల నుంచి యూరప్ కొండల దాకా గొడ్డలి, ఇద్దరు లాగే రంపం పక్కన పెట్టించిన మిషన్లలో ఇదొకటి.

అన్నీ ఆయన చేసినవే అనుకోకండి. చైను పళ్ళ సంగతే చూడండి. 1946లో అమెరికాలో ఓరెగాన్ అడవిలో జో కాక్స్ అనే చెట్లు కోసే మనిషి, కట్టె తొలిచే ఒక పురుగుని గమనించాడు. అది దవడలు ఎడమకీ కుడికీ తిప్పుతూ కట్టెని ఎటుపడితే అటు తినేస్తోంది. ఆ దవడల్లాగే పళ్ళు చేసి, 1947లో చైన్ల కంపెనీ పెట్టాడు. ఈరోజు ప్రపంచంలో తిరిగే చైన్లలో చాలావరకు ఆ పురుగు పిల్లలే. ఇక హస్కు సంగతి. ఆ కంపెనీ స్వీడన్‌లో 1689లో తుపాకుల కార్ఖానాగా మొదలైంది. చైను రంపాల్లోకి వచ్చింది 1959లో, అంటే కాంట్రా వచ్చిన ఏడాదే. పదేళ్ళకి, 1969లో, చేతులకి అదురు తగలకుండా చేసే ఏర్పాటుతో రంపం తెచ్చింది.

ఈ అదురు గురించి మీకు చెప్పాలి. ఏళ్ళ తరబడి అదిరే మిషన్ పట్టుకున్నవాళ్ళకి వేళ్ళలో రక్తం సరిగ్గా తిరగదు. చలిలో వేళ్ళు తెల్లబడతాయి, మొద్దుబారతాయి. దానికి తెల్లవేళ్ళ జబ్బు అనే పేరే ఉంది. మామయ్య మొదట వాడింది ఎన్ని చేతులు మారిందో తెలియని పాత మిషన్. దాని మీద పేరు కూడా అరిగిపోయింది, లోపల రబ్బర్లు ఎప్పుడో పోయాయి. ఆరేళ్ళు దాంతోనే కోశాడు. ఇప్పటికీ డిసెంబర్ పొద్దున్నే ఆయన చొక్కా గుండీలు పెట్టుకోలేడు. అత్తయ్య పెడుతుంది. కాబట్టి చెట్టు కింద వాళ్ళిద్దరూ మిషన్ల గురించి వాదించుకుంటే నవ్వడానికి లేదు. అది బ్రాండ్ పిచ్చి కాదు. ఒకరు తన చేతుల గురించి మాట్లాడుతున్నారు, ఇంకొకరు తన గంటల గురించి.

ఆండ్రియాస్ స్టీల్‌కి కూలివాడి గంట విలువ తెలుసు. మిషన్‌ని అమ్మేసి చేతులు దులుపుకుంటే లాభం లేదని, బాగుచేసేవాడు దగ్గర్లో ఉండాలని ఆయన కంపెనీ మొదటి నుంచీ పట్టుబట్టింది. ఇప్పటికీ చాలా దేశాల్లో ఆ మిషన్లు రిపేరు చేసే డీలర్ల దగ్గరే దొరుకుతాయి. అమెరికాలో పెద్ద స్టోర్ల గొలుసులకి ఇవ్వకపోవడాన్నే యాడ్‌గా వేసుకున్నారు. కంపెనీ లెక్క ప్రకారం 1971 నుంచి ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడయ్యే చైను రంపం వాళ్ళదే. ఆ సమయానికి బాధ్యత పిల్లల చేతికి వెళ్తోంది. ఆయనకి నలుగురు పిల్లలు. పెద్దకొడుకు హాన్స్ పీటర్, కూతురు ఎవా కలిసి కంపెనీని నడిపించారు. ఆండ్రియాస్ స్టీల్ 1973 జనవరిలో, 76 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

జీవితం అయిపోయింది. కానీ ఆర్టికల్ అవ్వలేదు. సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మామయ్యకి మొత్తం చెప్పాను. ఆయన వరండాలో కూర్చుని ఆకురాయితో చైను పళ్ళకి పదును పెడుతున్నాడు. ఒక్కో పన్నుకి మూడు రుద్దులు, ఎక్కువా కాదు, తక్కువా కాదు. 46 కిలోల సంగతి చెప్తే నవ్వాడు. పురుగు సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత నేను 1933 చెప్పాను. హిట్లర్ అంటే ఎవరో ఆయనకి తెలుసు. పార్టీ గురించి ఏమీ అడగలేదు. బలవంతంగా తెచ్చిన కూలీల దగ్గర మాత్రం చేయి ఆపాడు. వాళ్ళకి కూలి ఇచ్చారా అని అడిగాడు. బలవంతపు పని అంటేనే ఇష్టం లేకుండా చేయించడం కదా మామయ్యా అన్నాను. మరైతే అది వెట్టే కదరా అల్లుడూ అన్నాడు.

మా ముత్తాత, అంటే మామయ్య తాత, నిజాం కాలంలో వెట్టి చేశాడు. అడవిలో టేకు దుంగలు నరికి, బండ్లకి కట్టి, వాగు దాకా లాగడం. పైసా లేదు. తిండి మూట ఇంటి నుంచే. సాయంత్రం అలిసిపోయి కూర్చుంటే దెబ్బలు. ఇది మా ఇంట్లో కథలా చెప్పుకుంటారు. ఇంగ్లీష్ మీడియం పుస్తకాల్లో ఆ మాట చదివినప్పుడు నాకు అది మా ముత్తాత గురించని ఎప్పుడూ తట్టలేదు. జర్మనీ కార్ఖానా గురించి చెప్తుంటే మామయ్యకి మాత్రం వెంటనే తట్టింది. ఆయన తొమ్మిదో తరగతితో ఆపేశాడు.

మరైతే ఈ మిషన్ వాడటం మానేస్తావా అని అడిగాను. తెలివితక్కువ ప్రశ్న అని అడిగాక తెలిసింది. ఆయన మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు. చేసినవాడు పోయి యాభై ఏళ్ళు దాటింది, ఇప్పుడు దీన్ని నడిపేది నేను, రేపు ఇది సరిగ్గా నడవకపోతే ఎల్లుండి హస్కు కొంటా, నేను దీనికేమన్నా చుట్టమా, అన్నాడు. ఇన్నేళ్ళుగా ఆయన్ని ఆ బ్రాండ్‌కి వీరాభిమాని అనుకున్నాను. అది అభిమానం కాదని అప్పుడు అర్థమైంది. ప్రతిరోజూ పొద్దున్న మిషన్‌ని లాగి చూసి, ఆ రోజుకి మాత్రం ఇచ్చే నమ్మకం అది. ఆ మిషన్‌ని తయారుచేసిన పెద్దమనిషి తన నమ్మకాన్ని 1933లో అలా లాగి చూసి ఇచ్చాడా అంటే, లేదు. గుంపుతో పరిగెత్తాడు.

ఆ పేరా తీసేసి రాయాలనుకున్న సంగతి కూడా చెప్పాను. అది దాచడం సరికాదన్నాడు. కాటా మీద లారీ ఎక్కిస్తే మొత్తం బరువు రావాలి. మొద్దులు తూచి, రాళ్ళు తూచకుండా బిల్లు రాస్తే ఎవడు నమ్ముతాడు, అన్నాడు. కాటా దగ్గర ఎన్నిసార్లు గొడవపడ్డాడో ఆయనకే తెలియాలి, కాబట్టి ఆ పోలిక ఆయనకి సహజం. నేను ఆ రాత్రే ఫైల్ తెరిచి, వదిలేసిన పేరా తిరిగి రాశాను.

మొత్తం తూచితే నాకు తేలింది ఇది. ఇద్దరు మోయలేని బరువుని ఒక్కడి చేతికి తెచ్చిన ఇంజనీర్ ఆయన. ఆ పని వల్ల మా ఇంట్లో అన్నం ఉడుకుతోంది, నేను ఈ కాలేజీలో ఉన్నాను. అదే మనిషి తన కాలంలో అడగాల్సిన ప్రశ్న అడగలేదు, ఆయన కార్ఖానాలో ఎవరి తాతలో వెట్టి చేశారు. ఒకదానితో ఇంకొకటి చెల్లిపోదు. ఆ కూలీల పేర్లు మిషన్ మీద లేవు, నాకు దొరకనూ లేదు. మా ముత్తాత పేరు కూడా ఏ టేకు దుంగ మీదా లేదు.

వచ్చే ఏడాది మనకి ప్లేస్‌మెంట్లు మొదలవుతాయి. ఈసారి ఇంటర్వ్యూ చివర్లో మీకేమన్నా ప్రశ్నలున్నాయా అని వాళ్ళు అడిగినప్పుడు నేను ఒక ప్రశ్న దాచుకున్నాను. అడిగే ధైర్యం వస్తుందో రాదో అప్పుడు చూడాలి. మీరు మాత్రం ఈ వారంలో ఒక పని చేయండి. మీ ఇంట్లో అన్నం పెట్టే పనిముట్టు ఏదో ఒకటి ఉంటుంది. నాన్న కుట్టుమిషన్, అమ్మ గ్రైండర్, ఆటో, ట్రాక్టర్, ఏదైనా. దాని మీద పేరు చదివి, ఆ మనిషి ఎవరో వెతికి, తర్వాతి సంచికకి రాసి పంపండి. రాళ్ళు కూడా కలిపి తూచండి.